ఎడమచేతి వీడ్కోలు

ఫ్రెంచి దొరల ఏలుబడిలో ఉన్న న్దార్ పట్నంలో గాజు మీద బొమ్మలు వేసేవాళ్ళు పదిమంది ఉంటే, చెప్పిన రోజుకు చెప్పినట్టు ఇచ్చేవాడు బిరాహిం సెక్ ఒక్కడే. అందులో అతని గొప్పేం లేదు, భార్య దియార్రా పోరు పడలేకే ఇచ్చేవాడు. గాజు పలక వెనకవైపు గీస్తే ముందువైపు నుంచి చూడాలి. కాబట్టి కనుపాపలు ముందు, ముఖం తరవాత, ఆకాశం అన్నిటికన్నా ఆఖరున. అరబ్బీ అక్షరాల్ని కూడా తిరగేసి అవలీలగా రాసేవాడు. అతను వేసిన పుణ్యపురుషుల బొమ్మలంటే జనం పడిచచ్చేవారు.

దొరలకు మాత్రం అలాంటి బొమ్మలు గిట్టేవి కావు. కైరో నుంచి వచ్చే అచ్చుబొమ్మల్ని రేవులోనే లాక్కునేవారు. అలాంటిది యుద్ధం మొదలైన రెండో ఏడు, పటాలం దొరగారి దుబాసీ మసాంబ గేయ్ చంకలో అట్ట పెట్టుకుని బిరాహిం వాకిట్లో దిగాడు.

"ఏరా సెక్కూ, అన్నం పళ్ళెం కడిగావా, ఇంకా నాకుతున్నావా?"

"మీ గేయ్‌ల ఇంటికి విందుకి పోయొచ్చాలే. మళ్ళీ ఇంట్లో తింటేగాని కడుపు నిండలేదు."

సెక్, గేయ్ ఇంటిపేర్లవాళ్ళు ఎదురుపడితే ఇలా దెప్పుకోవడం తాతలనాటి హక్కు. ఎవరికీ పట్టింపు ఉండదు.

అట్ట మీద బొమ్మలో ఒక తెల్లదొర, ఒక ముస్లిం సిపాయి చేతులు కలుపుకుంటున్నారు. వెనక మసీదు, పక్కన దీవిస్తున్న గడ్డపు పెద్దాయన, కింద అరబ్బీ అక్షరాలు. టర్కీ సుల్తాను ఫ్రెంచివాళ్ళ మీద ధర్మయుద్ధం చాటాడని పటాలంలో గుసగుసలు లేచాయి. సాటి ముసల్మాన్ల మీద తుపాకి ఎత్తడం పాపం కాదా అని సిపాయిలు అడుగుతున్నారు. కాదని ఈ బొమ్మ చెప్పాలట. బ్యారక్‌లలో తగిలించడానికి ముప్ఫై పలకలు కావాలట.

"మొన్న లాక్కున్నవాళ్ళే ఇవాళ వెయ్యమంటున్నారా?"

"అవసరం వాళ్ళది. కాదంటే చిక్కు నీది."

బిరాహిం కాదనలేదు. కొడుకు మాయిస్సా పేరు అప్పటికే పటాలం జాబితాలో ఎక్కింది. దొరకు కోపం తెప్పించే ధైర్యం ఆ తండ్రికి లేదు.

మామూలుగా పల్చటి కాగితాన్ని తిరగేసి గాజు కింద పెట్టి గీసేవాడు. ఇది దళసరి అట్టకు అంటించిన బొమ్మ, తిరగేస్తే ఏమీ కనపడదు. ఉన్నదాన్ని ఉన్నట్టే కింద పెట్టి గీసేశాడు. రంగులు ఆరాక పలక తిప్పి చూశాడు. అక్షరాలు అలవాటుగా తిరగేసి రాశాడు కాబట్టి సరిగ్గానే ఉన్నాయి గాని, దొరా సిపాయీ ఎడమచేతులు కలుపుకుంటున్నారు. ఎడమచెయ్యి చాపడమంటే మొహాన తిట్టినట్టే. గీకెయ్యడానికి కత్తి తీశాడు.

దియార్రా వచ్చి మణికట్టు పట్టుకుంది. "మాయిస్సా నాన్నా, గీకకు."

"మతిపోయిందా? దొర చూస్తే తోలు తీస్తాడు."

"దూరం పోయేవాడికి మనం ఏ చెయ్యి ఇస్తాం?"

బిరాహిం కత్తి దించాడు. దూరప్రయాణం పోయేవాడికి న్దార్‌లో ఎడమచెయ్యే ఇస్తారు. అది కావాలని చేసే తప్పు. ఆ తప్పు దిద్దుకోవడానికైనా మనిషి తిరిగొచ్చి కుడిచెయ్యి కలపాలి. అందాకా దేవుడు కాపాడతాడని నమ్మకం.

"దొర చేత కూడా ఇప్పించు," అంది దియార్రా. "పంపేది వాడేగా? తిరిగి తెచ్చే పూచీ వాడి నెత్తిన కూడా ఉండనీ."

మిగతా ఇరవై తొమ్మిదీ అలాగే వేశాడు, ఈసారి తెలిసే.

పలకలు చూసి దొర కనుబొమలు ముడిచాడు. "ఎడమచేతులేమిటి?"

మసాంబకు విషయం చూడగానే తెలిసింది. అతని తమ్ముడు అప్పటికే ఫ్రాన్సులో కందకాల్లో ఉన్నాడు. "గాజు మీద అంతే దొరా, బొమ్మ తిరగబడుతుంది."

దొర, ఎడమచెయ్యి గుండెకు దగ్గర కదా, భేషుగ్గా ఉందన్నాడు. చదువుకున్నవాడికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు.

సిపాయిలకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. రైలు కదిలే రోజున వరసగా వచ్చి దొరకు ఎడమచేతులు చాపారు. తన బొమ్మ పనిచేసిందని మురిసిపోయి దొర ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని ఊపాడు. మాయిస్సా చెయ్యి కూడా. ఆ తరవాత మాయిస్సా తల్లికీ తండ్రికీ ఎడమచెయ్యి ఇచ్చాడు.

"మొహం అలా పెట్టకు నాన్నా. దొరే పూచీ పడ్డాడుగా," అని నవ్వాడు.

యుద్ధం మూడో ఏడు పటాలం నుంచి కాగితం వచ్చింది. చదివిన మసాంబకు మాయిస్సా చనిపోయిన ఊరి పేరు నోరు తిరగలేదు. దియార్రా గుండెలు బాదుకుని ఏడ్చింది. బిరాహింకి ఏడుపు రాలేదు. తన బొమ్మ చూసి ఎందరు భయం మరిచి రైలెక్కారో అని లోలోపల కుమిలిపోయాడు. సిపాయిల బొమ్మ మళ్ళీ ముట్టుకోలేదు.

యుద్ధం ముగిశాక బతికొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే దొర ఆఫీసుకు వెళ్ళి కుడిచెయ్యి కలిపి వచ్చారు. ఎంత మర్యాదస్థులో అని దొర పొంగిపోయాడు. విజయం బొమ్మ వేయించాలని బిరాహింని పిలిపించాడు.

"ఈసారి కుడిచేతులు వెయ్యమను. ఎడమచెయ్యి ఇక్కడ తప్పట, ఎవరో చెప్పారు," అని దుబాసీతో చెప్పి, నవ్వుతూ బిరాహింకి తన కుడిచెయ్యి చాపాడు.

బిరాహిం చేతులు కదల్లేదు.

"మా మాయిస్సా ఎడమచెయ్యి ఇంకా మీ దగ్గరే ఉంది దొరా. ముందు వాడికి కుడిచెయ్యి ఇవ్వండి, తరవాత నాకిద్దురుగాని."

దొర దుబాసీ వైపు చూశాడు. మసాంబ ఒక్క ముక్క కూడా మెత్తబరచకుండా, అన్నది అన్నట్టే ఫ్రెంచిలో చెప్పాడు. దొర చాపిన చెయ్యి చాలాసేపు అలాగే ఉండిపోయింది.