కాలిన మోటారుతో రండి

పెద్దమేస్త్రీ పోయాడని పోయిన వారం పొద్దున్నే ఖాదర్ ఫోన్ చేశాడు. నేను నమ్మలేదు, ఇంకెవరికైనా చెప్పుకో పో అన్నాను. తప్పు నాదే. పత్తికొండలో బోరు మోటార్లు బాగుచేసే మాలో దొంగ ఫోన్లు చేసేవాణ్ణి నేనొక్కణ్ణే. లేని మోటారు కోసం ఖాదర్‌ను కర్నూలు దాకా తిప్పింది కూడా నేనే. అతను కోప్పడలేదు. "ఈసారి నిజమేనప్పా, రా" అన్నాడు. ఆ మెల్లని మాటకు చేతిలోని కటింగ్ ప్లేయర్ కింద పెట్టాను.

ఆదివారం చర్చి నుంచి రాగానే పెద్దమేస్త్రీ తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలించి, బనియన్‌తో తన షాపులో బల్ల ముందు కూచునేవాడు. మేమంతా అక్కడికే చేరేవాళ్ళం. అందరివీ వేరే వేరే షాపులు. వారమంతా ఒకరి గిరాకీని ఒకరం లాక్కునేవాళ్ళం. అక్కడ షరతు మాత్రం ఒకటే, ఎవరి చేతిలో చెడిన పని వాళ్ళే తేవాలి. బాగా నడిచే మోటారు తెస్తే దీనికి జబ్బేం లేదు గదా, ఇంటికి తీసుకుపో అనేవాడు. తక్కినవాళ్ళం ప్రశ్నలు అడగొచ్చు, వస్తువును ముట్టుకోకూడదు. ఇట్లా చెయ్యి అని నోరు జారినవాడు అందరికీ టీ తేవాలి. ఆ వీధిలో నేను మోసినన్ని టీలు ఇంకెవరూ మోసి ఉండరు.

నాకు మొదటినుంచీ ఒకటే అనుమానం. ఈయనకేం లాభం? పోటీవాళ్ళను కూచోబెట్టి పని నేర్పే షాపుదారును నేనెక్కడా చూడలేదు. ఆ గుట్టు కనిపెట్టడానికే ఉత్త చేతులతో రెండు నెలలు పోయాను. చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"మీ చెయ్యి తప్పితే నేనుండా. నా చెయ్యి తప్పితే నాకెవరుండారప్పా?" అన్నాడు.

నేను నమ్మలేదు. ఆయన చెయ్యి తప్పడమేమిటి?

ఆ ఎండాకాలం ఒక టమాటా రైతు మోటారు నేను బాగుచేశాక కూడా రెండుసార్లు కాలింది. కరెంటును తిట్టాను, కేబులు అమ్మినవాణ్ణి తిట్టాను. మూడోసారి కూడా కాలితే మార్కెట్టులో నీ పేరు చెప్పి నవ్విస్తానన్నాడు రైతు. తోట ఎండిపోతోంది, ఆయన ముఖంలో మాత్రం నవ్వు లేదు. మార్కెట్టులో పేరు పోతే నేను షాపు మూసుకోవాల్సిందే. అయినా తప్పు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. ఖాదర్ ఊళ్ళో లేని ఆదివారం చూసుకొని ఆ మోటారు మోసుకుపోయాను. ఇది ఖాదర్ చేసిన పని, రైతు నా దగ్గర పడేసి పోయాడని చెప్పాను.

మోటారుతో పాటు బోరు నీళ్ళలో మునిగే, టేపు చుట్టిన కేబులు జాయింటును పెద్దమేస్త్రీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "చేసినాయన ఈడ లేడు. ఆయన తరఫున నువ్వు చెప్పప్పా. ఇది చుట్టేటప్పుడు ఆయన చేతులు ఎట్లుండె?"

మొదలుపెట్టాను. తొందరలో ఉన్నాడన్నాను. రైతు నెత్తిన నిలబడ్డాడన్నాను. టేపు ఎట్లా చుట్టాలో ఎవరూ చూపలేదని, దూరం నుంచి చూసి నేర్చుకున్నాడని, ఇప్పుడు ఈ వయసులో అడగడానికి సిగ్గుపడుతున్నాడని అన్నాను. అక్కడికొచ్చేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇదంతా ఖాదర్ నీకెప్పుడు చెప్పినాడప్పా అని ఒకాయన అడిగాడు. అందరూ నవ్వారు, పెద్దమేస్త్రీ తప్ప.

నాకొక కేబులు ముక్క ఇచ్చి, ఖాదర్ చుట్టినట్టే చుట్టమన్నాడు. పక్కన తనూ ఒకటి చుట్టాడు. రెండూ బక్కెట్టు నీళ్ళలో వేశాడు. టీలు తాగి, తీసి కోస్తే నాది లోపలంతా తడి, ఆయనది పొడి.

"ఏం తేడా ఉండాది?" అంతే అడిగాడు.

చాలాసేపు చూశాను. నేను దెబ్బకు గుడ్డ కట్టినట్టు చుట్టాను. ఆయన రబ్బరు టేపును సన్నబడేదాకా సాగదీసి చుట్టాడు. కనిపెట్టిన సంబరంలో నా అబద్ధం నేనే మరిచిపోయి, నేను సాగదీయలేదు అని అరిచాను.

"ఖాదర్‌కు గూడా చెప్పు" అన్నాడాయన.

చెప్పాను, అబద్ధంతో సహా, ఒక్క మాట వదలకుండా. ఖాదర్ వారం రోజులు నాతో మాట్లాడలేదు, ఆ తర్వాత వారం రోజులు నన్ను చూసినప్పుడల్లా నవ్వాడు. రైతు మోటారు మళ్ళీ కాలలేదు.

పెద్దమేస్త్రీని సమాధి చేసిన తర్వాతి ఆదివారం ఆయన భార్య మేస్త్రమ్మ షాపు తాళాలు మా చేతికిచ్చింది. బల్ల కింద కాలిన మోటారొకటి ఉంది. దాని మీద సుద్దతో "ఆదివారం" అని ఆయన చేతిరాత. బాగుచేసిందీ ఆయనే, మళ్ళీ కాలిందని ఒక రైతు వెనక్కి తెచ్చిచ్చిందీ ఆయనకే అని మేస్త్రమ్మ చెప్పింది. దాన్ని మా ముందు పెడదామని దాచుకున్నాడు. చుట్టూ కూచున్నాం. ఎవరం ముట్టుకోలేదు. ఖాదర్ నావైపు తిరిగాడు.

"చేసినాయన ఈడ లేడు. ఆయన తరఫున నువ్వు చెప్పప్పా."

వంగి జాయింటు చూశాను. ఆయన వేళ్ళలో బలం ఎప్పటినుంచి తగ్గిందో, అన్ని ప్రశ్నలు అడిగిన మాలో ఒక్కరమూ అడగలేదు. టేపు మొదటి చుట్లు సన్నగా సాగి, ఒకదాన్నొకటి కరుచుకొని ఉన్నాయి. పోనుపోను వదులయ్యాయి. చివరి మూడు చుట్లు మాత్రం, అచ్చం నావిలాగే, దెబ్బకు గుడ్డ కట్టినట్టున్నాయి.