సుజాత గోలీలు నేను మింగిన పది రోజులు

ఆ ఉదయం ఎయిర్‌పోర్టు వాష్‌రూమ్‌లో నేల తుడుస్తూ బకెట్ ఎత్తబోయాను. ఊపిరి అందలేదు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. అప్పటికి రెండు నెలలుగా దగ్గు. ఫినాయిల్ వాసన పడటం లేదనుకున్నాను. శంషాబాద్‌లో ఎక్స్‌రే తీసిన డాక్టర్ పెద్ద దవాఖానకు పంపారు. సీటీ, బయాప్సీ అయ్యాక లంగ్ క్యాన్సర్, నాలుగో స్టేజ్ అన్నారు. జన్మలో బీడీ ముట్టినదాన్ని కాదు.

అక్కడే సుజాత పరిచయం. మైలార్‌దేవ్‌పల్లిలో బట్టలు కుడుతుంది. ఆమెదీ నా రోగమే, అదే స్టేజ్. ఇద్దరి బయాప్సీ ముక్కల్నీ ఒకే వారం, జన్యువులో లోపం ఉందేమో చూసే మ్యుటేషన్ టెస్టుకు పంపారు. ఆమెకు ఈజీఎఫ్ఆర్ పాజిటివ్ వచ్చింది. నాకు నెగటివ్.

"కణానికి చావకు, పెరుగు అని చెప్పే సిగ్నల్ ఒకటి ఉంటుందమ్మా," అన్నారు డాక్టర్. "సుజాత గారికి ఆ స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోయింది. టాబ్లెట్ దాన్ని ఆపితే కణం తనంతట తనే చచ్చిపోతుంది. మీకు ఆ లోపం లేదు. మీకు కీమో పెడదాం."

లోపం లేదన్నారని ఇంటికొచ్చి ఏడ్చాను. ఆమె రోజుకొక గోలీ వేసుకుని మిషన్ తొక్కుతోంది. నేను మూడు వారాలకోసారి సెలైన్ ఎక్కించుకుని వాంతులు చేసుకుంటున్నాను. జుట్టంతా రాలిపోయిన నాకు ఆమె పొడుగాటి జడ చూస్తే కడుపు మండేది. "జర ధైర్యంగ ఉండక్కా" అని ఆమె అంటే, నీకేం, నీకు గోలీ దొరికింది అని లోపల తిట్టుకునేదాన్ని.

మూడో కీమోకు ముందు ఒకరోజు ఆమె స్కాన్‌కు పోతూ సంచి నా చేతికిచ్చింది. అందులోంచి పది గోలీల షీటు తీసి కొంగున ముడేసుకున్నాను.

పది రోజులు మింగాను. మొహమంతా పొక్కులు, ఆగని విరేచనాలు. కీమో వాయిదా పడింది. డాక్టర్ నా మొహం చూసి, "ఎవరి మందు వేసుకున్నారు?" అని అడిగారు. చెప్పేశాను.

"మీ క్యాన్సర్ ఆ సిగ్నల్ మీద బతకట్లేదమ్మా. దాని దారి వేరు. ఆ టాబ్లెట్ మీ చర్మాన్ని, పేగుల్ని దెబ్బతీసింది, అంతే."

సుజాతకు ఫోన్ చేశాను.

"నువ్వే తీసినవని ఆ దినమే తెల్సిందక్కా. అడిగితే ఏడుస్తవని ఊకున్న. మళ్ల తెచ్చుకునేదాంక నాలుగు దినాలు గోలీ లేకుండ ఉన్న. అది యాదుంచుకో," అని పెట్టేసింది.

తర్వాత నా కీమోకు, ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి లేపే ఇమ్యునోథెరపీ కలిపారు. ఆరు నెలలకు గడ్డ సగమైంది. ఇప్పుడు సగం పూట డ్యూటీకి పోతున్నాను. ఓపీలో ఎదురైతే సుజాత తలూపుతుంది, పక్కన కూర్చోదు. ఆమె రిపోర్టు బాగుందని నవ్వుతూ బయటికొస్తే నాకు ఇప్పటికీ మండుతుంది. అబద్ధం చెప్పను.

మీ మ్యుటేషన్ రిపోర్టును ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టుకోండి. అందులో ఏముంది, ఏం లేదు, మీ మందు ఎందుకు వేరు అని డాక్టర్‌ను అర్థమయ్యేదాకా అడగండి. రోగం పేరు ఒకటే అయినా పక్కవాళ్ల గోలీ మాత్రం ముట్టకండి.