దుప్పి చెప్పులు

దుప్పి తలకు కొమ్ములకన్నా ముందు కళ్లు తెరిచాడు మొండయ్య. గోనెగుడ్డ ముసుగులో రెండు రంధ్రాలు. ఎటునుంచి ఎవరొచ్చినా కనబడాలి. ఆ చలికాలం ఏ పనికైనా ముందు దారి చూసుకునేవాడు. ఆ తర్వాతే ఖర్జూరపు మట్టలు చెక్కి కొమ్ములు బిగించాడు.

జగిత్యాల పక్క పల్లెలో వడ్రంగి. సౌదీ ఇచ్చిన ఇఖామా కార్డులో మాత్రం హుఫూఫ్ తోటలో కూలీ. వీసా ఇచ్చిన కఫీల్ అక్కడ, పని ఇక్కడ. ఖతీఫ్ దగ్గర తెల్లవాళ్లుండే ఈ కాంపౌండులో ఏళ్లుగా తలుపులు, బీరువాలు బాగుచేస్తున్నాడు. కాగితాలు ఎవరూ అడగలేదు. కఫీల్‌ను వదిలి పనిచేసేవాళ్లను పట్టుకునే నితాఖత్ రూలు వచ్చాక అడగడం మొదలైంది. కాగితాలు సరిచేసుకోమని ఇచ్చిన గడువూ ముగిసింది. దొరికితే జైలు, వేలిముద్రలు, విమానం. మళ్లీ ఈ దేశంలో కాలుపెట్టడం ఉండదు. ఊళ్లో భార్య ముత్యవ్వ డయాలసిస్ ఈ జీతంతోనే నడుస్తోంది.

కొమ్ములు చెక్కమన్నది ఐలీన్ మేడం, ఐర్లండ్ ఇంజనీరు భార్య. వాళ్ల ఊళ్లో నడి చలికాలంలో ఒకరు దుప్పి వేషం కడతారట. వేటగాళ్లు తరుముతారు. దుప్పి పడిపోతుంది. ఫిడేలు మోగితేనే లేస్తుంది. అందాకా కదలకూడదు. తరిమేవాళ్లకు చిక్కకుండా మనుషులే దుప్పులైపోయిన కథలున్నాయని హిందీ ముక్కల్లో చెప్పిందామె. ఆ మాట మొండయ్యను పట్టుకుంది. ఊళ్లో చిరుతల రామాయణంలో మాయలేడి వేషం కట్టినవాడు. ఇక్కడ కట్టాల్సిన ఆయన సెలవు మీద వెళ్లిపోతే, తాను కడతానన్నాడు.

శుక్రవారం సాయంత్రం, క్లబ్బు హాలు గడప బయట చెప్పులు విడిచాడు. హాలు ఊడ్చే నర్సింలు చూశాడు. ఇద్దరిదీ ఒకే గది. కాగితాల సంగతీ ఒకటే.

“చెప్పులేస్కోరాదే అన్నా. బండ మంచులెక్కున్నది.”

“వేషం మీద చెప్పులేస్తరార?”

“ఇదేమన్న రాములవారి జింకనా? తెల్లోళ్ల జింక. బూట్లతోనే ఉరుకుతది.”

నవ్వుతూనే తనవీ విడిచి పక్కన పెట్టాడు నర్సింలు.

ఆట మొదలైంది. తరిమారు. మొండయ్య పడ్డాడు. ఐలీన్ మేడం ఫిడేలు ఆగింది. మళ్లీ మోగాలి. మోగలేదు.

రంధ్రంలోంచి చూశాడు. గడపలో బూట్లు. ఇఖామాలు తనిఖీచేసే జవాజాత్ వాళ్లు.

“ఇఖామా.”

నర్సింలు చేతిలో చీపురు జారింది. అధికారి బూటు మొనతో చెప్పులు కదిపాడు.

“దో జోడీ. దూస్రా నఫర్ కిధర్?”

రెండో మనిషి గోనె లోపల ఉన్నాడు. పాదాలు వేషం బయటే ఉన్నాయి. పగిలిన మడమలు. హాల్లో మిగిలినవాళ్లందరికీ బూట్లు. కాళ్లు లోపలికి ముడుచుకోవాలనిపించింది. ముడిస్తే దుప్పి కదిలినట్టు.

“దోనో మేరా,” అన్నాడు నర్సింలు. “ఏక్ బాత్రూంకా.”

అధికారి చెప్పులకేసి చూశాడు. దుప్పికేసి చూశాడు. తలతోనే బయటికి దారి చూపించాడు.

నర్సింలు ఒక జత తొడుక్కున్నాడు. రెండోది చేత్తో పట్టుకున్నాడు. దుప్పివైపు తల తిప్పలేదు.

బయట బండి తలుపు పడింది.

ఐలీన్ మేడం ఫిడేలు భుజానికెత్తుకుంది. దుప్పి లేవాల్సిన పాట సన్నగా మొదలై, సాగి, అయిపోయింది. మొండయ్య లేవలేదు. రంధ్రంలోంచి గడప కనిపిస్తోంది. అక్కడ చెప్పులు లేవు.

ఆమె మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.