పరుగు ఆగిన తర్వాత

మేడం పోయారని ఆదివారం పొద్దున ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. కడుపులో కేన్సర్ అని తెలిసిన కొన్నాళ్లకే ఇంత దాకా వస్తుందని మేమెవరమూ అనుకోలేదు. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. పార్కుకి బయల్దేరి బూట్లు వేసుకుంటున్నదాన్ని గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

ఆవిడ ప్రభుత్వ బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి చివరే ఇల్లు. కాలనీ పార్కులో రోజూ కొందరిని పరిగెత్తించేవారు. నేను కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను. నలభై దాటగానే బీపీ వచ్చింది. మా నాన్న బీపీ ఎక్కువై, పక్షవాతం వచ్చి పోయారు. అందుకే మెల్లగా పరిగెత్తవచ్చని డాక్టరు చెప్పినా నాకు భయమే.

మేడం దగ్గర చేరిన మొదట్లోనే ఒకరోజు పరుగు ముగించి గేటు దగ్గర ఠక్కున ఆగి నిలబడ్డాను. చెవుల్లో హోరు, కళ్ల ముందు చీకటి. తెలివి వచ్చేసరికి గడ్డి మీద ఉన్నాను, నా కాళ్లు మేడం ఒళ్లో ఉన్నాయి. చచ్చిపోతున్నానా అని అడిగానట. ఆవిడ నవ్వలేదు. పరిగెత్తేటప్పుడు పిక్కలే రక్తాన్ని పైకి తోస్తాయని, ఒక్కసారిగా ఆగితే అది కాళ్లలోనే ఉండిపోయి బీపీ పడిపోతుందని నిదానంగా చెప్పారు.

"ఉరుకుడు ఆపు గానీ నడుసుడు ఆపకు బిడ్డా. జరసేపు తిరిగినంక కూసో."

అప్పట్నుంచి పరుగయ్యాక మా వెనకే నడిచేవారు. గడియారం చూసేవారు కాదు, మా మొహాలు చూసేవారు. చెమట ఆరి, మాటలు మామూలుగా వస్తున్నాయంటేనే ఇళ్లకు పోనిచ్చేవారు.

ఒక వేసవిలో, మాతో పరిగెత్తే హార్డ్‌వేర్ షాపు అన్న పెద్ద ప్లాస్టిక్ తొట్టి తెచ్చి ఐసు నింపాడు. పెద్ద పెద్ద రన్నర్లు పరుగు తర్వాత అందులో కూర్చుంటారని, ఒళ్లునొప్పులు పోతాయని ఫోన్లో చూశాడట. మేడం వద్దన్నారు. అంత చల్లదనానికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎగబాకుతుందని, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా దిగకూడదని చెప్పారు. ఆయనకు బీపీ ఉంది. ఆవిడ అటు తిరగ్గానే దిగాడు.

నేను పక్కనే ఉన్నాను. ఊపిరి లోపలికి లాగాడు, వదల్లేకపోయాడు. కళ్లు నా మీదే ఉన్నాయి, నోట మాట లేదు. నా కేకకి మేడం ఉరికొచ్చి ఆయన చంకల కింద చేతులు వేశారు. ఇద్దరం కలిసి బయటికి లాగాం. ఒళ్లు తుడిచి, సంచిలోంచి బీపీ మిషన్ తీసి పెట్టారు. అంకె మాకు కనబడకుండా తిప్పేసి, అంబులెన్స్ పిలవమన్నారు. ఆయన బతికాడు.

ఆ రోజు దవాఖాన బెంచీ మీద, మీకు భయమే వేయదా మేడం అని అడిగాను. వాళ్లాయన గురించి అప్పుడే చెప్పారు. ఆయనా రోజూ పరిగెత్తేవారట. ఒకనాడు పరుగు నుంచి వచ్చి అట్లాగే గీజరు వేడినీళ్ల కింద నిలబడ్డారు. తల తిరిగి బాత్రూంలో పడ్డారు. తలకు తగిలిన దెబ్బతో మళ్లీ లేవలేదు. వేడికి రక్తనాళాలు వదులై బీపీ జారిపోయి ఉంటుందని డాక్టర్లు చెప్పాకే ఆవిడకు తెలిసింది.

"నాకు భయం లేదనుకుంటున్నవా? మీరు ఉరికేటప్పుడు నాకేం భయం ఉండదు. మీరు ఆగినంకనే నా భయం షురువైతది."

పోయినవారం ఎల్బీ నగర్‌లో ఆస్పత్రికి వెళ్లి మేడంని చూశాను. చిక్కి సగమయ్యారు. మీరు లేకుండా పరిగెత్తాలంటే నాకు భయంగా ఉందన్నాను.

"భయపడితే పడు. బీపీ గోలీలు మాత్రం తప్పకు," అన్నారు, కళ్లు మూసుకుని.

కింద మందులు కొని పైకొచ్చేసరికి ఆవిడ మంచం మీద లేరు. కంగారుగా బయటికి వచ్చాను. చూస్తే వరండాలో ఉన్నారు. ఆపరేషనయ్యాక లేచి నిలబడడానికి జంకుతున్న పక్క మంచం ముసలమ్మని నడిపిస్తున్నారు. ఒక చేత్తో ఆమె మోచేయి పట్టుకుని, ఇంకో చేత్తో తన సెలైన్ స్టాండు తోసుకుంటూ, కిటికీ దాకా, చాలా మెల్లగా.