ఆవిడ "దమే" అనని సాయంత్రం

మా బాబు బూట్లతోనే పక్కింటి సోఫా ఎక్కాడు. ఆవిడ చూసింది. చూసి, నవ్వి ఊరుకుంది. నాకు భయం మొదలైంది అప్పుడే.

యాన్బు అనే అరబ్బు ఊళ్లో, మా కాంపౌండులో ఆ జపాన్ ఆవిడది మా పక్కిల్లు. ఆవిడ భర్త ప్లాంటులో మా ఆయనకు పై అధికారి. పిల్లలు చేయకూడని పని చేస్తే ఆవిడ రెండు చేతులూ గుండెల ముందు ఇంటూ గుర్తులా పెట్టి "దమే" అనేది, కూడదని. గొంతు పెంచేది కాదు. తన పిల్లలకూ నా పిల్లలకూ ఒకే దమే. మా మూడేళ్ల పాప ఆ చేతులు చూస్తే చాలు, ఉన్నచోటే ఆగిపోయేది.

"ఆమె ఒక్కసారి అంటే పిల్లలు ఇంటరు. నువ్వు పదిసార్లు బతిమాలుతవ్," అని మా ఆయన నన్ను ఆటపట్టించేవారు.

పెద్దవాళ్లతో అలా అనకూడదట. ఆవిడే చెప్పింది, తన కొద్దిపాటి ఇంగ్లీషులో. వాళ్లకు కాదని చెప్పాలంటే తల కాస్త పక్కకు వంచి, పళ్ల సందు నుంచి గాలి పీల్చి, "చొత్తో..." అని ఆపేస్తారు. "కొంచెం..." అన్నట్టు. మిగతాది అవతలివాళ్లే అర్థం చేసుకోవాలి.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒకటే ఆలోచన. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ల భార్యాపిల్లల మీద ఇక్కడి ప్రభుత్వం వేసే లెవీ పన్ను ఏటేటా పెరుగుతోంది. కంపెనీ భరిస్తే అందరం ఉంటాం; భరించమని మా ఆయన ఆ పై అధికారిని అడిగారు. లేకపోతే ఆయన్ని ఒక్కరినీ వదిలి నేనూ పిల్లలూ జగిత్యాల వెళ్లిపోవాలి.

ఆ సాయంత్రం సోఫా మీద బాబు బూట్లు విప్పుతూ, మా సంగతి మీవారేమైనా అన్నారా అని అడిగాను. ఆవిడ తల పక్కకు వంచింది. "చొత్తో..." అని, మా పాప జుట్టు సవరిస్తూ ఉండిపోయింది. వెళ్లిపోయే పిల్లల్ని కోప్పడడానికి ఆవిడకు మనసు రాలేదు.

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే చెప్పాను.

"నాకు సారు గూడ గదే అన్నడు. జర ఆగుమన్నట్టే గదా?" అన్నారు. వారం నుంచీ ఆ ఒక్క మాట పట్టుకుని ఆశతో ఉన్నారట.

"కాదండి. లేదని చెప్పుడే అది."

ఆయన చాయ్ కప్పు కింద పెట్టేశారు. "పిల్లలకు నువ్వే చెప్పు. నాతోని కాదు," అన్నారు.

పొద్దున పాలు తాగిస్తూ చెప్పాను.

"మనం అమ్మమ్మ దగ్గరికి పోతున్నం. డాడీ ఇక్కడ్నే ఉంటడు, రోజూ ఫోన్ చేస్తడు. పోయేదాక ఆంటీ ఇంట్ల మంచిగ ఆడుకోండ్రి. ఆంటీ ఇగ మిమ్మల్ని దమే అనదు. అనకున్నా, బూట్లు బయటనే విప్పుండ్రి."