మెకానిక్‌తో బాసింపట్టు వేయించాను

అతన్ని నేనింకా క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు. చివర్లో నా మనసు కరుగుతుందని ఎవరైనా ఎదురుచూస్తే వాళ్ల ఖర్మ.

నేను బొగ్గు టిప్పర్ నడుపుతాను. భద్రాచలం అడవి అంచున ఉన్న గని నుంచి ఖమ్మం వైపు లోడు. ఆ వానాకాలం వాగు దాటుతుంటే నీళ్లెక్కి ఇంజిన్ కంప్యూటర్ పాడైంది. ఓనర్ తనకు నమ్మకమైన మెకానిక్‌ను ఖమ్మం నుంచి పిలిపించి కొత్తది వేయించాడు. మెకానిక్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్‌ను మూడుసార్లు బలంగా తొక్కాడు. ఒకటి ముత్యాలమ్మకు, ఒకటి రామయ్యకు, ఒకటి బండికి. కొత్త సామాను ఏది వేసినా మా లైనులో అదే మొక్కు. నేనూ దండం పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి బండికి నిలకడ పోయింది. గేరు తీసి కాలు వదిలితే చాలు, ఇంజిన్ ఓసారి లేచి, ఓసారి కుంగి, చివరికి ఆగిపోయేది. రోడ్డు మీద ఏ రోగమూ లేదు. చావంతా లోడింగ్ లైనులోనే. అక్కడ బండ్లన్నీ ఇంజిన్ ఆపకుండా ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి. ఇంజిన్ ఆగిందంటే వరస పోయినట్టే, పక్కకు తీసి తోక దగ్గరికి పోవాలి. రోజూ నేనే పోయాను.

మెకానిక్ మళ్లీ వచ్చాడు. వైర్లు చూశాడు, ఫిల్టర్ మార్చాడు, బ్యాటరీ వైరు తీసి పెట్టాడు. ఆఖర్న మళ్లీ మూడు తొక్కులు. ఆ తర్వాత చాయ్ కొట్టు ముందు, డ్రైవర్లందరూ వింటుండగా, ఓనర్‌తో అన్నాడు.

"కంప్యూటర్ల ఏం లేదు సార్. ఆడిమనిషి కాలు, పెడల్ మీద నిలుస్తలేదు. వంటింట్ల స్టవ్ తిప్పినట్టు నడిపితె గిట్లనే ఆగుతది."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. నాన్న పక్కన కూర్చుని ఘాట్ రోడ్డులో నేర్చుకున్న కాలు నాది. ఓనర్ మాత్రం నవ్వలేదు.

"ఇంకోపాలి లైన్ల ఆగితే తాళంచెవి ఇచ్చెయ్ బిడ్డా. వేరేటోన్ని పెట్టుకుంట."

మా ఇల్లు నడిచేది ఆ సీటు మీదే. మర్నాడు బండి కంపెనీ సర్వీసు నంబరుకు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. కొత్త కంప్యూటర్‌కు మన ఇంజిన్ తీరు తెలియదట. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా పెడల్ ముట్టకుండా వదిలేస్తే, ఎంత వేగం మీద నిలబడాలో అదే నేర్చుకుంటుందట. మధ్యలో తొక్కితే ఆ చదువు చెడుతుందట.

"ఫిట్ చేసినంక ఎవరన్నా పెడల్ తొక్కి రేజ్ చేసిన్రా అక్కా?" అని అడిగింది. ఫోన్ పట్టుకుని పగలబడి నవ్వాను.

ఆ పని నేనొక్కదాన్నే గుట్టుగా చేసుకోవచ్చు. చేయలేదు. లైను ముందు నవ్వులపాలు చేసినవాడికి లైను ముందే మందు వేయాలి. సాయంత్రమే బండిని వరసలో పెట్టి, ఇంజిన్ చల్లారిన పొద్దున్నే మెకానిక్‌నూ ఓనర్‌నూ రప్పించాను. చెడిన చదువు చెరిగిపోయేలా బ్యాటరీ వైరు మళ్లీ తీయించి పెట్టించాను.

"నీ కాలైతే నిలుస్తది గద అన్నా. నువ్వే కూసో. స్టార్ట్ చేసి రెండు కాళ్లు సీటు మీద పెట్టుకో."

"ఏంది చెల్లె, తమాషానా?"

"ఏం, భయమైతుందా?"

ఓనర్ చూస్తున్నాడాయె. స్టీరింగ్‌కు పొట్ట ఒత్తుకుంటూ బాసింపట్టు వేశాడు. ఇంజిన్ లేచి కుంగుతోంది. ఇంతలో ముందు బండి కదిలింది. వెనక హారన్లు.

"తొక్కు, లైన్ పోతది!" ఓనర్ అరిచాడు. మెకానిక్ కాలు కిందికి జారింది. నేను ఫుట్‌బోర్డు ఎక్కి ఆ మోకాలిని వెనక్కి నెట్టాను.

"పోనియ్‌రి సార్. కాలు దిగితే మళ్ల మొదటికే."

ఇన్నాళ్లూ దేనికోసం ఏడ్చానో ఆ వరసను నా చేతులారా వదిలేశాను. ఇంజిన్ ఆగిందంటే నా సీటు కూడా పోయినట్టే. వెనక బండ్లు ఒక్కొక్కటే మమ్మల్ని దాటాయి. దాటిన ప్రతి డ్రైవరూ క్యాబిన్‌లోకి తొంగిచూశాడు.

"ఏందన్నా, పూజల కూసున్నవా?"

మెకానిక్ మొహం కందగడ్డయింది. నాకు కడుపు నిండింది.

మెల్లగా ఇంజిన్ కుదుటపడింది. ఒకే మోత, ఎక్కడా తొణకలేదు. అది వినగానే మెకానిక్ అలవాటుగా మొక్కు తీర్చడానికి కాలు దించబోయాడు. నేను నోరు తెరిచేలోపే ఓనర్ గర్జించాడు.

"కాలు దించకు! నీ కాలే దానికి పట్టిన శని. దిగు, ఆమెను కూసోనియ్."

ఆ రోజు అందరికంటే చివర లోడయింది నా బండే. తోకలో ఉన్నంతసేపూ ఇంజిన్ ఒక్కసారి కూడా ఆగలేదు. అప్పటికి బస్సులు లేవు. ఖమ్మం పోవడానికి మెకానిక్ నా బండే ఎక్కాల్సి వచ్చింది. పక్క సీటు కింద ఏ పెడలూ ఉండదు. అయినా ఊరొచ్చేదాకా అతన్ని కాళ్లు కింద పెట్టనివ్వలేదు.