గోల్ ముందు నేను చెరిపిన గీత

ఇన్నేళ్లయినా తడిమట్టి వాసన నాకు పడదు.

నేను మస్కట్ వెళ్లింది తాపీ పనికి. తొంభైల మొదట్లో మా కంపెనీ నన్ను ఒక ఫుట్‌బాల్ క్లబ్బు మైదానానికి పంపింది. గడ్డిలేని మట్టి మైదానం. నీళ్లు చల్లి, దంతెతో సాపు చేయడం నా డ్యూటీ.

అక్కడి కోచ్‌ది స్పెయిన్. ఒకప్పుడు గోల్‌కీపర్. పద్దెనిమిదేళ్లు ఆడాడట, అందులో సగం బెంచీ మీదే. చేతికి ఒక్క వేలూ తిన్నగా ఉండేది కాదు. మోకాలు పోయాక కోచ్ అయ్యాడు. సొంత దేశంలో రెండు క్లబ్బులు వద్దన్నాక ఇక్కడ తేలాడు. ఇదంతా సగం ఇంగ్లిష్‌లో, సగం చేతులతో చెప్పేవాడు. "ఇక్కడ కూడా పోతే ఇక నన్నెవరూ పిలవరు సదీక్" అనేవాడు. స్నేహితుడా అని. అరబ్బీలో ఆయనకొచ్చింది ఆ ఒక్క మాటే.

తన కీపర్‌కు, ఒక ఒమనీ కుర్రాడికి, ఆయన నేర్పిన మొదటి పాఠం ఒక గీత. గోల్ స్తంభాల మధ్య అడుగులు కొలిచి, సరిగ్గా సగంలో మడమతో నేలమీద గీసుకోవాలి. వెనక్కి తిరగకుండానే తానెక్కడున్నాడో దాన్నిబట్టి తెలుస్తుంది. నాకీ సంగతి అప్పటికి తెలియదు.

ఓడితే కోచ్ ఇంటికే అన్న మ్యాచ్ వచ్చింది. ఆటగాళ్లు ఒళ్లు వేడెక్కించుకుని లోపలికెళ్లారు. క్లబ్బు మేనేజరు అతిథులతో వస్తున్నాడని హడావిడి. గోల్ ముందు గీత కనబడింది. తాపీ చెయ్యి ఊరుకుంటుందా? నీళ్లు చల్లి, దంతె తిప్పి, ప్లాస్టరింగ్ చేసిన గోడంత నున్నగా చేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా.

కీపర్ వచ్చి కిందికి చూశాడు, దిక్కులు చూశాడు. ఇంతలో ఈల మోగింది. కొలిచే టైము లేక అంచనాగా గీసుకున్నాడు. రెండడుగులు పక్కకు పోయింది. ఎక్కువ ఖాళీ మిగిలిన రెండో వైపు నుంచే బంతి లోపలికెళ్లింది. ఆ ఒక్క గోల్‌తోనే ఓడాం.

ఆట అయ్యాక కోచ్ అక్కడే వాణ్ణి నిలదీశాడు.

"కొలిచే గీశాను. వచ్చి చూస్తే లేదు."

"గీత నడుచుకుంటూ పోయిందా?"

అందరి ముందూ అబద్ధాలకోరన్నాడు. దంతె పట్టుకుని నేను పదడుగుల దూరంలో ఉన్నాను. అప్పుడర్థమైంది నాకు. నోరు విప్పితే వీసా క్యాన్సిలవుతుందని భయం. తల దించుకుని దంతె పళ్లలో మట్టి దులుపుకున్నాను.

రూవిలోని మా రూమ్‌లో కరీంనగర్ మేస్త్రీకి చెప్పాను. "నీ డ్యూటీ నువ్వు జేసినవ్ తమ్మీ. సప్పుడు జెయ్యకుండ ఉండు. ఆయన పోతే ఆయనకో దేశమున్నది. నువ్వు పోతే నీకేమున్నది?" అన్నాడు. నాకు కావలసిన మాటే అన్నాడు. అందుకే నా మీద నాకు అంత అసహ్యం.

వారంలో కోచ్‌నీ, కీపర్‌నీ ఇద్దరినీ తీసేశారు. ఆ కీపర్ మళ్లీ ఏ జట్టులోనూ కనబడలేదు.

వెళ్లేరోజు కోచ్ మైదానానికొచ్చాడు. నున్నటి నేలను కాసేపు చూసి, ఆ వంకర వేళ్లతో నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ క్లబ్బులో పని సరిగ్గా చేసింది నువ్వొక్కడివే సదీక్."

చెప్పేద్దామనే నోరు తెరిచాను. "థాంక్యూ కోచ్" అన్నాను.